గడువు రాయని చీటీ

తోర్స్‌హావ్న్ నుంచి పడవలో రెండు గంటలు.
దిగాక కొండల కింద ఒక సొరంగం,
కారు తలుపును గాలి చేతిలోంచి లాక్కునే చోట
సుంబా.
మూడు నెలలకోసారి వెళ్తాను,
ఎల్స్‌పా ఎడమచేతిలోంచి
రెండు గొట్టాల నెత్తురు తెచ్చుకోవడానికి.

కుడిచెయ్యి ఇవ్వదు. అల్లిక దానిదట.

మొదటిసారి అంకె పెద్దది.
మంచి మార్కులు చదివే పంతులమ్మలా చెప్పాను.
రెండోసారికి సగం.
మూడోసారి ఆ సగంలో సగం.
"అరిగిపోతున్నానన్నమాట" అంది,
చక్కెర గడ్డ కాఫీలో ముంచి నోట పెట్టుకుంటూ.
తీపి తెలుస్తోంది. వాసన ఇంకా రాలేదు.
గొర్రెమాంసం ఎండే చెక్క కొట్టంలోకి
రోజూ పొద్దున్నే ముక్కు తీసుకెళ్తుంది.
పరాయివాళ్లు పదడుగుల దూరంలో ఆగిపోయే ఘాటు
ఆమెను చూసి మొహం చాటేస్తోంది.

ఆమెకు కావలసింది అంకె కాదు.
"ఈ చేతులు ఇంకొకరికి ఎన్నాళ్లు ఇవ్వొచ్చు?
అది చెప్పు."

శీతాకాలం రాత్రులు హాల్లో వలయం కడతారు.
రెండడుగులు ఎడమకి, ఒకటి వెనక్కి.
వాయిద్యం లేదు, నేలే మద్దెల.
నూట ఎనభై చరణాలు కాగితం లేకుండా
ఎత్తుకునేది ఎల్స్‌పా.
ఆమె ఎడమచెయ్యి ఎప్పుడూ సామల్‌ది.
అతని రెండు వేళ్లు వల తాడు తినేసింది.
ఎనభై మూడేళ్లు. ఇంకా రాలేదు అతనికి.
హాలుకి తాళం.

చదువుకున్నది చెప్పాను:
ఒంటికి రెండు జ్ఞాపకాలు.
ఒకటి నెత్తురులో గస్తీ తిరుగుతుంది,
శత్రువు కనబడకపోతే
కొన్నాళ్లకి కర్ర మూలన పెట్టి వెళ్లిపోతుంది.
రెండోది ఎముక మూలుగలో
నోరు విప్పకుండా కూర్చుంటుంది.
"ఎన్నాళ్లు కూర్చుంటుంది?"
తెలీదన్నాను.

ఆమె ఊరుకోలేదు.
పదిహేడు వందల ఎనభై ఒకటిలో ఈ దీవులకు తట్టు వచ్చింది,
మళ్లీ అరవై అయిదేళ్లకు గానీ రాలేదు.
అప్పుడు పడి లేచిన పిల్లలు ముసలివాళ్లయినా
రెండోసారి అది వాళ్ల జోలికి పోలేదు.
"మా వాళ్ల ఒళ్లు అన్నేళ్లు గుర్తుపెట్టుకుంది.
నాదానికి ఏడాదికే మరుపా?"

మరుపు నీది కాదు ఎల్స్‌పా,
ఇది వచ్చిన ప్రతిసారీ వేషం మారుస్తుంది.
దీని దాయాదులు కొందరు
మామూలు జలుబు పేరు పెట్టుకుని
పిలవని చుట్టాల్లా ఏటా దిగుతూనే ఉన్నారు.

చాలాసేపు సూదులు టకటకలాడాయి.
తర్వాత తనలో తాను అన్నట్టు:
"ఒక్కోసారి చరణం మధ్యలో పదం తట్టదు.
నోరు ఆగిపోతుంది. కాళ్లు ఆగవు.
పక్క చెయ్యి కాస్త నొక్కుతుంది.
రెండో అడుగుకి అదే వస్తుంది."

నాలుగోసారి వెళ్లేసరికి
మళ్లీ వచ్చి పోయింది.
ఒక రాత్రి జ్వరం, మూడు రోజుల ముక్కు కారడం.
"ఆలస్యంగా గుర్తొచ్చింది ఒంటికి" అంది,
కొంచెం గర్వంగానే.
ఆ నాలుగు వారాలూ సామల్ కిటికీ బయట నిలబడి
వాతావరణం చెప్పి వెళ్లేవాడట.

నా కాగితంలో ఒక గడి ఉంటుంది:
రక్షణ ఎప్పటివరకు.
అన్నీ నింపి అది వదిలేశాను.

లేవబోతుంటే కుడిచెయ్యి చాచింది.
సూది పెట్టె మళ్లీ తెరిచాను.
"నెత్తురుకి కాదు, పిచ్చిదానా."

తిరుగు పడవలో అలలు పెద్దవి.
చలి పెట్టెలో రెండు గొట్టాలు
ఒకదాన్నొకటి తాకుతూ
దారంతా చప్పుడు.