ఆదివారం నూనె

లూయిస్ దీవిలో ఉప్పు అంటని గాలి లేదు.
అరవై ఒకటో సంవత్సరపు లాండ్ రోవర్,
ఒకప్పుడు పశువుల డాక్టరుది,
తర్వాత పద్నాలుగేళ్ళు మా పిన్ని కోళ్ళకు గూడు.
సీట్ల కింద ఇంకా ఈకలు.

స్టీరింగ్ తిప్పితే చక్రాలు తిరుగుతాయనుకుంటాం.
నడుమ ఒకడుంటాడు, రిలే అని.
ముందు అడ్డదూలం కడుపులోకి నిలువునా దిగేసిన
మోచేతి పొడుగు ఇనపగొట్టం.
పైచేత్తో మాట అందుకుని
కిందిచేత్తో చక్రాలకు చేరవేసేవాడు.
అరవై ఏళ్ళు అటూ ఇటూ మోసి
ఇప్పుడు దూలమూ తానూ ఒకే తుప్పు.

చేతులు రెండూ ఊడదీశాను.
నాలుగు బోల్టుల్లో మూడింటి తలలు తెగిపోయాయి.
బ్లో లాంప్ పెట్టి ఎర్రబడేదాకా కాల్చాను,
సమ్మెటతో మోదాను, బతిమాలాను,
ముప్పై ఏళ్ళు ఓడ ఇంజను గదిలో నేర్చుకున్న
తిట్లన్నీ వరసపెట్టి తిట్టాను.
ఉడుంపట్టు.
వెంట్రుకవాసి కదల్లేదు.

నాలుగు చేతుల పని ఇది.
దగ్గర్లో ఉన్న మిగతా రెండు చేతులూ టోర్కిల్‌వి.
టోర్కిల్‌తో నాకు మాటల్లేవు,
ఎనిమిదేళ్ళ కిందట నా బంగాళాదుంపల మడిలో
అతని పొట్టేలు పడ్డ నాటి నుంచీ.

శనివారం సాయంత్రం, నా చప్పుడు విని విని విసిగి
తనే వచ్చాడు, పెద్ద జాకీ చంకనెట్టుకుని.
నావైపు చూడలేదు. బండి కిందికి దూరాడు.
పిడి కొడుతుంటే కొడుతుంటే
ముందు చక్రాలు రెండూ నేల వదిలాయి.
సగం బండి ఆ ఒక్క గొట్టం మీద వేలాడింది.
అయినా రాలేదు.

పదకొండున్నరకు వాచీ చూసుకున్నాడు.
మా ఊళ్ళో ఆదివారం ఎవరూ సుత్తి పట్టరు,
దండెం మీద చొక్కా కూడా ఆరదు.
జాకీ దించడానికి చెయ్యి చాచాడు.
"నూనె పోశాను," అన్నాను బండితో.
"నూనె నానొచ్చు," అన్నాడు గోడతో.
"మరి జాకీ?"
చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.
చర్చిలో కీర్తన ఎత్తేది అతనే, తేలిగ్గా చెప్పే మనిషి కాదు.
"అదేం పని చెయ్యడం లేదు," అన్నాడు చివరికి.
"నిలబడి ఉంది, అంతే."

మర్నాడు చర్చిలో
టోర్కిల్ ఒక్కడే లేచి ఒక పాదం విసిరాడు.
మా పద్ధతి అంతే,
విసిరిందాన్ని అందరం అందుకుని
ఎవరి గొంతులో వాళ్ళం వంచుకుంటూ, ఈదుకుంటూ
ఆలస్యంగా ఒడ్డుకు చేరుస్తాం.
మూడో పాదానికి నోరు తెరిచాడో లేదో
వెనకనున్న నా షెడ్డులోంచి
ఫిరంగి పేలినట్టు ఒకే ఒక్క చప్పుడు.
కిటికీ అద్దాలు గలగలమన్నాయి.
"పిడుగు," అంది మారియాగ్ ముసలమ్మ, ఎండలో కూర్చుని.

టోర్కిల్ ఒక ఊపిరి సేపు ఆగాడు.
నావైపు చూడలేదు.
తర్వాత మూడో పాదం ఎత్తాడు,
రోజూకన్నా ఒక మెట్టు పైన.
ఎవరికీ అందలేదు ఆ శృతి,
పడుతూ లేస్తూ వెంటబడ్డాం.

ఆ పగలంతా షెడ్డు తలుపు తియ్యలేదు.
రాత్రి పన్నెండు దాటిన నిమిషానికి
టార్చి పట్టుకుని పోతే
నాకన్నా ముందే అక్కడో టార్చి.

బండి మళ్ళీ తన చక్రాల మీద నిలబడింది.
దూలంలో గుండ్రటి చిల్లు,
అందులోంచి నేల, నేల మీద ఒక కోడి ఈక.
రిలేని పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు టోర్కిల్.
"లోపల స్ప్రింగుంది," అన్నాడు, ఈసారి నాతోనే.
"అణిచిపెట్టి ఉంది. విప్పేటప్పుడు మొహం పక్కకు పెట్టుకో."
"తెలుసు," అన్నాను.

పొట్టేలు పోయి మూడేళ్ళయిందట.
అదీ ఆ రాత్రే తెలిసింది.