బోర్లా ఇచ్చిన కాగితం

లాబ్‌స్టర్ బోనులు లాగి లాగి
మొద్దుబారిన ఒక్క వేలు
కీబోర్డు మీద తడుముకుంటోంది.
"స్నేహితుడి కోసం" అన్నాడు తెయోఫిల్.
సరే, స్నేహితుడి కోసమే అనుకున్నాను,
ఇక్కడ అందరూ అలాగే అంటారు.

ఒక్క మాట కొట్టాడో లేదో
తెర నిండా చావులు.
సిడ్నీలో ఆస్పత్రి ఉందట.
మన నోవా స్కోషియా సిడ్నీ కాదు, ఆస్ట్రేలియాది.
పక్కనే మెరిసే మాత్రల ప్రకటన.

నేను డాక్టర్ని కాను.
జబ్బేమిటో చెప్పలేను,
ఏ తలుపు తట్టాలో వెతకగలను.
ఊరి పేరు కలిపాను.
ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూశాను.
ప్రపంచమంతా జారిపోయి
మా తీరం మిగిలింది:
గురువారం క్లినిక్,
ఫ్రెంచి తెలిసిన నర్సు,
పోస్టాఫీసు ఎదుట ఎనిమిదీ నలభై బస్సు.

ప్రింటరులోంచి కాగితం తీసి
బోర్లా తిప్పి ఇచ్చాను.
పది సెంట్లు లెక్కపెట్టి పెట్టాడు.
"మంచు పడితే?"
ఫోన్ నంబరు కింద గీత గీశాను.
అతను వెళ్ళాక
వెతికిన మాటలన్నీ తుడిచేశాను.

గురువారం లైబ్రరీ తాళం తీస్తూ
అటు చూడకూడదనుకుంటూనే చూశాను.
బస్సు మెట్టు దగ్గర తెయోఫిల్,
అతని భుజం పట్టుకుని
నేనెప్పుడూ చూడని ఒక ముసలాయన.