మూత బిగియ్యకు

ముందుగల్ల చేతులు కడుక్కో కొంరెల్లీ,
మోచేతుల దాక.
బకీటు, గరిటె, జాలిగుడ్డ
అన్నిటి మీద మసిలే నీళ్ళు పొయ్యి.
నా మొదటి బకీటు గీడనే చెడిపోయింది,
పప్పు గరిటెతోని కలిపిన.
నాలుగో దినం మూత తీస్తె
ఓబులేసు ముక్కు మూసుకొని మంచం మీదికెళ్ళి దునికిండు,
అది పై మంచమని కూడ సూస్కోలే.

బార్లీ రెండు కిలోలు, గొర్ల దాణ అమ్మేటోని కాడ దొరుకుతది.
ఎందుకని అడిగితె గొర్రె ఉన్నదని చెప్పు.
సల్మాబాద్‌ల ఏ మూలనో ఎవనికో ఒక గొర్రె ఉంటనే ఉంటది.
రాత్రి నానబెట్టు, తెల్లారి తడి గోనెల కట్టు,
పూటపూటకు నీళ్ళు చల్లు.
మూడు దినాలకు తెల్లటి మూతులు పెడతది.
మొలక గింజంత పొడుగైతె చాలు, ఇంక పెరగనియ్యకు.
మిద్దె మీద ఆరెయ్యి.
గీ ఎండ గిందుకన్న పనికొస్తది,
రెండు పగళ్ళకే గింజ పంటి కింద పటుక్కుమంటది.
పావురాలను కొట్టినందుకు షఫీకుల్‌కు చాయ్ బాకీ పడతవు.

కచ్చపచ్చగ దంచు. పిండి చేస్తె జావ అయితది.
నీళ్ళు మసలొద్దు. వేలు పెట్టి సూడు,
ఒకటి, రెండు, మూడు అనకముందే తీయబుద్ధి కావాలె.
గా వేడిల దంచింది ఏసి గంటసేపు వదిలెయ్యి,
బకీటుకు కంబలి కప్పు.
ఈ దేశంల కంబలికి గిదొక్కటే పని.
వడగట్టినంక నాలికె మీద తియ్యగుండాలె.
గప్పుడు మసలబెట్టు, గంటసేపు.

చేదుకు హాప్స్ అని ఒక పువ్వు ఏస్తరట.
ఆ పువ్వును నేను సూడలే.
బత్తాయి తొక్క ఏసిన, మంచిగనే ఉన్నది.
ఒకపారి కాకరకాయ ఏసిన. అడుగకు.

సల్లారినంకనే ఈస్టు, చెంచెడు.
వేడి మీద ఏస్తె సస్తది, మరీ సల్లగుంటె పంటది.
ఏసీ ఇరవై రెండు మీద ఉండాలె.
ఓబులేసుకు పదహారు కావాలె.
మొదటి సీసా నీకేనని మాటియ్యి, రిమోటు వదుల్తడు.
మూత బిగియ్యకు.
లోపట అది ఊపిరి తీస్తది, గాలికి సందియ్యి.
రాత్రి గుడగుడ వినొస్తె భయపడకు, లేచి సూడకు,
మూత తీసి వాసన సూసేటోడే సగం బకీట్లు చెడగొట్టిండు.

నేను ఈత గీసినోణ్ణి తమ్మీ.
మా కల్లుకు గింత కథ లేదు.
పొద్దున తీపి, పగటాల్లకు పులుపు,
మాపటికి ఎవ్వనికీ అక్కర రాదు.
అండ్ల ఈస్టు ఎవడేసిండు? లొట్టిలనే ఉంటది, గాలిలనే ఉంటది.
గిది పద్నాలుగు దినాలు కూసోబెడతది.
రోడ్డు పొడుగుత మూడు వందల పన్నెండు ఖర్జూర చెట్లు,
పైపు పట్టుకొని నేనే నీళ్ళు పెడుత.
ఈతకు అక్కలెక్కనే ఉంటది, గదే మట్ట, గదే ముల్లు.
ఎక్కనియ్యరు.
నిచ్చెన బండి మీద టోపీ పెట్టుకున్నోడు వచ్చి మట్టలు కోస్తడు.
గీడ గీస్తె గీడ లొట్టి కట్టాలె అని
నేను కింద నిలబడి లెక్క సూస్కుంట.
నడుముకు మోకు లేదని నడుముకు ఎరుకే గాని
అరికాళ్ళకు ఇంక తెల్వది.
చెడిపోయిన బకీటు నలభై ఒకటో చెట్టు మొదట్ల పోసిన.
కాత ఏం పెరగలే. మామూలుగనే కాసింది.

ప్లాస్టిక్ సీసాలల్లనే నింపు, సీసకు అర చెంచ చక్కెర.
రోజు ఒక్కపారి ఒత్తి సూడు, రాయిలెక్క అయితె ఫ్రిజ్జుల పెట్టు.
గాజుది వద్దు.
నడిరాత్రి ఒకటి పేలితె గిర్గిస్ టార్చి పట్టుకొని ఉరికొచ్చిండు.
ఫ్రిజ్జు గ్యాసు అన్నం.
ముక్కుతోని గట్టిగ గాలి పీల్చిండు, ఏమనలే, పోయిండు.
తెల్లారి పనికాడ నా దిక్కే సూసిండు పొద్దుందాక.

అమ్మొద్దు. ఒక్క సీస కూడ.
పోశెట్టి మూడు దీనార్లకు ఒకటి అమ్మిండు,
కట్టుకున్న లుంగీ మీదనే ఇమానం ఎక్కించిన్రు.
ఆయన చెప్పులు ఇంక నా మంచం కిందనే ఉన్నయి.

పద్నాలుగో దినం నన్ను లేపు, శుక్రవారం అయితెనే.
చెడిపోయిందనుకో, లేపకు.
నలభై రెండో చెట్టు మొదలు ఖాళీగనే ఉన్నది.