నడిమి బొమ్మలు

కొర్లగుంటలో మందుల షాపు పైన
మూడో అంతస్తు మా స్టూడియో.
లిఫ్టు లేదు. ఏసీ ఉంది, కంప్యూటర్ల కోసం.
మొదటి బొమ్మ వాళ్ళు పంపుతారు, చివరి బొమ్మ వాళ్ళే పంపుతారు.
నడిమి పదకొండూ నావి.

ఓడ దిగిన ముసలాయన క్లారినెట్ ఎత్తుతాడు: ఒకటో బొమ్మ.
క్లారినెట్ పెదాలకు ఆనుతుంది: పదమూడో బొమ్మ.
ఎత్తడానికీ ఊదడానికీ మధ్య
ఆ చెయ్యి ఎక్కడెక్కడ ఉండాలో
తిరుపతిలో కూచుని నేను తేలుస్తాను.
అర సెకను పని.
పొద్దున మొదలుపెడితే అన్నం వేళవుతుంది.

కథ అమెరికాది, నాలుగు తరాలు.
ముసలాయన కొడుకుది పియానో, వాడి కొడుకుది గిటారు,
ఆఖరివాడు పొగలో, రంగు దీపాల్లో, మైకు కొరుకుతూ.
పాట మారినప్పుడల్లా సినిమాలో ఒక తండ్రి చచ్చిపోతాడు.
మా ఇంట్లో అంత సులువుగా ఎవరూ పోలేదు.

చిత్తూరు గ్రీమ్స్‌పేట. చెంగల్రాయ తాతది సన్నాయి.
పీక నోట్లోనే నానబెట్టుకొని
పూటపూటంతా పలక్కుండా ఉండేవాడంట.
కొడుకు దొరస్వామి వేలూరు సంతలో
మిలిటరీ బ్యాండు వదిలేసిన క్లారినెట్ కొనుక్కొచ్చిన రోజు నుంచి
మూడు నెలలు ఇంట్లో మాటల్లేవు.
కోపమో, పీక నానుతోందో
జేజి చచ్చేదాకా తేల్చలేకపోయింది.

దొరస్వామి తాత ఒక రిటైర్డు హవల్దారు దగ్గర
ఒక తెల్లోళ్ళ మెట్టు పట్టినాడు.
పెండ్లికొడుకు కారు మలుపు తిరగంగానే అదే.
నలభై ఏండ్లు. బంగారుపాళెం నుంచి నగరి దాకా.
ఎర్రకోట్లు, చెమట, పెట్రోమాక్సు దీపాలు, అదే మెట్టు.

పోయిన నెల సౌండు ఫైలు వస్తే, చెవులకు తగిలించుకుంటే,
అదే!
మూడో తరం వాడి పెట్టె వెనక
గొడుగులు పట్టుకొని జనం నడుస్తున్నారు.
ఆ ఊళ్ళో అది చావు పాట.
మా జిల్లా పెండ్లికొడుకులంతా
ఎవరి శవం వెనకనో, నవ్వుకుంటూ, దండల్లో నడిచినారు.
నాయనకు ఫోను చేస్తే
"చెప్పొద్దు మే ఎవరికీ" అన్నాడు. "బాకీలుండాయి ఇంకా."

నాయన వజ్రవేలు. కీబోర్డు. జాతర ఆర్కెస్ట్రా.
తర్వాత మెమొరీ కార్డులొచ్చె. తర్వాత డీజే బండి వచ్చె.
ఇప్పుడు ఆ బండి వెనక జనరేటరు చూసుకుంటాడు.
"పాట వాళ్ళదే గానీ కరెంటు నాది" అంటాడు
డీజిలు చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

ముసలాయన ఊదే షాటుకు నాకు మోడలు దొరకలేదు.
కండ్లు మూసుకుంటే దొరస్వామి తాత వచ్చినాడు.
గీసినాను. మూడు రోజులు.
అమెరికా నుంచి తిరిగొచ్చింది, ఎర్ర గీతతో:
క్లారినెట్‌కు బుగ్గలు అట్లా ఉబ్బవు. సరిచేయండి.

నిజమే. ఉబ్బవు. వెతికి చూసినాను.
బుగ్గలు ఉబ్బేది సన్నాయికి.
వేళ్ళు ఎప్పుడో క్లారినెట్‌కు పోయినాయి,
ఊపిరి మాత్రం ఆయన నాయన దగ్గరే ఉండిపోయిందని
నలభై ఏండ్లు ఆయన మొహం చెప్తానే ఉంటే
మేమంతా దాన్ని లావనుకున్నాం.

బుగ్గలు తగ్గించినాను. పదకొండు బొమ్మల్లోనూ.
జీతం ఒకటో తేదీనే పడింది.

సినిమా వచ్చినాక నాయనకు ఫోన్లో చూపించినా.
జనరేటరు పక్కన, మంచం మీద, సగం వినపడీ వినపడక.
ఆఖర్న పేర్లు పోతా ఉంటే
నా పేరు వెతకతాడేమో అనుకున్నా. అది లేదు, చెబుదామనుకున్నా.
ఆయన మాత్రం తెర మీద వేలు పెట్టి ఆపి,
చావు ఊరేగింపు దగ్గరికి వెనక్కి జరిపి,
బ్యాండు వాళ్ళను ఒక్కొక్కరినే లెక్కబెట్టినాడు.
"తొమ్మిదిమంది.
అడ్వాన్సు తీసుకున్నారో లేదో పాపం
ఆ వానలో."