పిండి గుంత

మా ఊరి పేరులో మంట ఉంది.
మంట ఎవరూ చూడలేదు.
జ్వాలాపురానికి టికెట్టు అడిగితే
కండక్టరు నవ్వేవాడు,
"యాడుందమ్మా జ్వాల, ఎండ తప్ప?"

వాగు దాటితే పిండి గుంత.
సున్నం కంటే ఒక పిసరు మాసిన తెలుపు.
పార దిగితే చప్పుడు రాదు.
మాయమ్మ సుంకులమ్మ కొంగు మూతికి కట్టుకొని
తవ్వేది, జల్లించేది, గోతాలు నింపేది.
మద్దిలేటి ట్రాక్టరు బేతంచెర్ల మిల్లుకు పోయేది.
అక్కడ నీలం ప్యాకెట్లో, నిమ్మకాయ బొమ్మ కింద
అంట్లు తోమే పొడి అయి
మళ్ళీ మా ఊరి అంగడికే వచ్చేది.
మేమెప్పుడూ కొనలేదు.
మాకు గుంతే ఉంది కదా.

పనికి పోయేముందు గాజులు తీసి
గూట్లో దీపం బుడ్డి పక్కన పెట్టేది,
పగిల్తే మళ్ళీ కొనాలని.

నాకు పంతొమ్మిదో ఏట టోపీలవాళ్ళు వచ్చినారు.
దారాలు కట్టి నేలను చదరాలు చేసి
పెయింటు బ్రష్షులతో మట్టిని నిమురుతుంటే
కాశింబీ అంది,
"బాలింత బిడ్డకు కూడా ఇంత మెల్లగా నీళ్ళు పోయరు కదే."
కూలి, గుంత కంటే ఇరవై ఎక్కువ.
నేను పోయినా.

వాళ్ళల్లో తెలుగొచ్చిన పిల్ల ఒకతి
మధ్యాహ్నం నా సద్దిలో చేయి పెట్టి చెప్పింది:
ఇది సున్నం కాదక్కా, బూడిద.
సముద్రం అవతల ఒక కొండ పగిలింది.
ఆ దీవి పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు.
ఎప్పుడు, అన్నా.
డెబ్బైనాలుగు వేల ఏండ్లంట.
మా నాయన ఏ ఏడు పుట్టినాడో మాకు తెలీదు,
గంజి కరువు పోయిన రెండో ఏడు అని చెప్పుకుంటాం.
ఆ పిల్ల వేలికొసన రవ్వంత అద్దుకొని
ఎండకు పట్టింది.
"దుమ్ము కూడా కాదక్కా, ఇదంతా గాజు.
కంటికి ఆనని గాజుపెంకులు."

నేను తినడం ఆపేసినా.
గూట్లో మాయమ్మ గాజులు ఒక్కటీ పగల్లేదు.
ఇరవై రెండేండ్లుగా ఆమె
ఊపిరి లోపల తొడుక్కుంటా ఉంది.

బూడిద కింద ఒక రాతి పెచ్చు దొరికింది.
బూడిద పైన ఇంకొకటి.
అదే చెక్కుడు, అదే మణికట్టు విసురు.
జనమంతా పోయినారా, కొందరు మిగిలినారా అని
టోపీలవాళ్ళు రెండు రోజులు ఇంగ్లీషులో వాదులాడుకున్నారు.
నన్నెవరూ అడగలేదు.

అడిగుంటే చెప్పేదాన్ని.
ఆ పొద్దు తెల్లారలేదు.
వాన అనుకొని ఆమె చేయి చాపింది.
తడి లేదు.
వాగు అంబలి మాదిరి చిక్కబడింది.
జింకలు గడ్డి కొరికి, దగ్గి, మోకాళ్ళ మీద కూలినాయి.
బిడ్డ మూతికి తోలుముక్క కట్టింది.
మూడో నాడో, మూడో నెలో,
పిక్కల్లోతు తెలుపులో దిగి
చేతులతో తోడి తోడి పాత నేలను తాకి
ఒక రాయి ఏరుకొని చెక్కను కూర్చుంది.
ఆకలి కదా.
వానల్లేని ఏడు మావోళ్ళు
గుంటూరు దిక్కు మిరపకాయలు కోయను పోతారు.
తలుపుకు తాళం వేయరు, గొళ్ళెం పెడతారంతే.
ఆమెకు ఆ గొళ్ళెం కూడా లేదు.

వాళ్ళు గోతులు పూడ్చి పోయినారు.
పెచ్చులు రెండూ దూదిలో చుట్టుకొని పోయినారు.
మేము మళ్ళీ గుంతకే.

కర్నూలు పెద్దాసుపత్రిలో
మాయమ్మ రొమ్ము ఫోటో తీసి
కిటికీ వెలుతురుకు పట్టినాడు డాక్టరు.
నల్లగా ఉండాల్సిన చోటంతా తెల్లగా ఉంది.
ఎన్నాళ్ళ నుంచి, అన్నాడు.

డెబ్బైనాలుగు వేల ఏండ్లు, అన్నా.

ఆయన రాసుకోలేదు.