వేరే బోదె

రాత్రి పదకొండున్నరకి
అప్‌డేట్ మొదలెట్టి తప్పు చేశాను.
పగలు చేద్దామంటే నీళ్ల సీసాలు వరసకట్టి ఉంటాయి,
మూతల మీద చెరువు నెంబర్లు, ఉప్పు మరకలు,
రిపోర్టు ఎప్పుడిస్తావంటూ
బండి దిగకుండానే అరిచే మనుషులు.
అందుకని రాత్రి.

ఆకివీడు రోడ్డు మీద మా ల్యాబు.
రెండు మైక్రోస్కోపులు, ఒక ఏసీ,
సెకండ్‌హ్యాండు డబ్బాలో లినక్స్.
నూట పద్నాలుగు చెరువుల ఊపిరి
ఆ డబ్బా గుండానే లెక్కకొస్తుంది.
ఆక్సిజన్ మూడుకి దిగితే ఫోను మోగాలి, ఏరేటర్లు తిరగాలి.
తెల్లారగట్ల రొయ్య నీటిపైకి తల ఎత్తిందంటే
ఇక లెక్కలుండవు, అప్పులే.

మొదట తెర అంది:
లాకు వేరేవాళ్ల చేతిలో ఉంది.
నవ్వొచ్చింది.
కిటికీలోంచి చూస్తే కాలవకి అవతల లాకు
లస్కరు మావుళ్లు చేతిలోనే ఉంది,
గది ముందు బీడీ ఎర్రగా.

ఆ లాకు ఫైలు చెరిపేస్తే సరి అని
ఎవరైనా చెబుతారు.
పోయినేడు చెరిపేశాను.
సగం దిగిన ప్యాకేజీలు సగం పోసిన గట్టులా మిగిలి
మూడు రోజులు రీడింగులు చేత్తో రాశాం.
మావుళ్లు అప్పుడే అన్నాడు, టీ గ్లాసు తిప్పుతూ:
"పై తలుపు తీసుండగా కింది తలుపు ముట్టుకోకూడదు, దీవెనమ్మా.
నీళ్లు సమం అవ్వకుండా పదిమంది తోసినా రాదు.
సమం అయ్యాక నువ్వు తోసినా వస్తాది."

కూర్చున్నాను.
వెనకాల తనంతట తాను మొదలైన పనేదో
పన్నెండూ పదికి లాకు వదిలింది.

అప్పుడొచ్చింది అసలు తగువు.
కొత్త సిస్టముకి ఆ లైబ్రరీ మూడో వెర్షన్ కావాలి.
మీటరు ప్రోగ్రాముకి ఒకటోదే కావాలి.
దాన్ని రాసిన కంపెనీ ఎప్పుడో ఎత్తేశారు.
ఇదుంటే అదుండదు.
ఎవరో ప్యాకేజీని పట్టి ఉంచారు, అంటుంది తెర.
ఎవరు? నేనే.
రెండేళ్ల కిందట హోల్డు పెట్టి మర్చిపోయాను.

ఈ తగువు ముందే విన్నాను, వేరే నోళ్లతో.
సొసైటీ అరుగు మీద
కడలి ఏసుపాదం, అడ్డాల బుజ్జిరాజు.
ఇద్దరికీ ఒకటే బోదె.
ఈయన వరికి మంచినీళ్లు, ఆయన రొయ్యకి ఉప్పునీళ్లు.
పిలకలు ఎర్రబడ్డ రోజు తూములో గోనె సంచులు కుక్కారు,
మర్నాడు రాత్రి ఎవరో పీకేశారు.
ఇద్దరిదీ అవసరమే అనడానికి
అరుగు మీద ఎవరికీ నోరు రాలేదు.
ఆఖరికి మావుళ్లు అగ్గిపుల్లతో దుమ్ములో గీశాడు:
ఉప్పుకి వేరే బోదె.
ఇద్దరికీ చెరో పది సెంట్లు పోయింది.
నేటికీ మాటల్లేవు గానీ
వరి పచ్చగా ఉంది.

బలవంతం చెయ్ అని టైపు చేశాను. ఎంటరు కొట్టలేదు.
చెయ్యకుండానే, చేస్తే ఏం పోతుందో చెప్పమన్నాను.
అరవై ఒకటి పోతాయట.
ప్రింటరు, తెలుగు ఫాంటు,
ఆఖరికి ఈ మాట చూపిస్తున్న తెర కూడా.
ఒక్కొక్క అక్షరం వెనక్కి చెరిపాను.

పాత లైబ్రరీని వేరే ఫోల్డరులో పెట్టాను.
మీటరుకి ఒక్కదానికే దారి చూపించాను,
నువ్విక్కడ తాగు, పైకి రాకు, అని.
హోల్డు తీశాను.
మిగతావన్నీ కొత్త నీరు తాగుతూ
గీతలు గీతలుగా తెర మీద పారాయి.

మూడూ ఇరవైకి మొదటి రీడింగు.
నలభై ఏడో చెరువు, రెండూ తొమ్మిది.
ఎక్కడో ఫోను మోగే ఉంటుంది.
కాసేపు కప్పలు తప్ప ఏమీ లేవు.
తర్వాత కాలవ అవతల
బుజ్జిరాజు ఏరేటర్లు నీళ్లని కొట్టడం వినిపించింది.

రిపోర్టు కాగితం వెనక రాసి డబ్బాకి అంటించాను:
ఈ బోదె ఎందుకు తవ్వామో, ఏ తేదీన,
ఎప్పుడు పూడ్చెయ్యొచ్చో.
ఆఖరి ముక్క దగ్గర ఆగి
"తెలీదు" అని రాశాను.