అద్దెకు పలకలు

మార్కాపురంలో మా వీధి చివర గుట్టలు రెండు.
ఒకటి దేవుడు పెట్టింది.
ఇంకోటి మేం పారబోసింది,
పలకముక్కల గుట్ట.
వాన పడితే నల్లగా నిగనిగలాడుద్ది,
ఎండకి మళ్లీ బూడిదరంగు.

నేను ఫ్యాక్టరీలో చట్రాలు బిగిస్తాను.
నూరు పలకలకి ఇంత అని కూలి.
మూల విరిగింది లెక్కలోకి రాదు.
నా చేతుల్లోంచి ఎన్ని ఊళ్ల బడులకి పోయాయో పలకలు,
నా బిడ్డ మాత్రం
ఆ గుట్ట మీద ఏరిన ముక్కల మీదే దిద్దుకుంది.

కాశింబి ఇప్పుడు ఐదో తరగతి.
దాని నోరు ఊరుకోదు, చెయ్యి అసలే ఊరుకోదు.
ఒక మంగళవారం
ఇంట్లో పాత గొడుగుకి ఒక పుల్ల తగ్గింది.
పెరట్లోకి పోయి చూస్తే
కాళ్ల మధ్య పలకముక్క, దాని మీద గొడుగుపుల్ల,
పుల్ల మీద సన్నెకల్లు పొత్రం.
అప్పటికే ఏడు పగిలాయి.
ఎనిమిదోదానికి బెజ్జం పడింది.

"ఏందే ఇది?"
"ధరల పలకలమ్మా, కూరగాయలోళ్లకి.
చౌడమ్మత్త అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటంది గదా,
ఆ అరిచే పని పలక చేసుద్ది."

నా నాలుక చివరికి ఒక మాట వచ్చింది,
మా అమ్మ నోట్లోంచి నా నోట్లోకి వచ్చిన మాట:
పోయి పుస్తకం తియ్యి.
వచ్చి, పళ్ల దగ్గర ఆగింది.

ఎందుకంటే, కొత్తగా పనిలో చేరిన రోజుల్లో
మేస్త్రీతో నేనూ ఒక మాట అన్నాను.
విరిగిన మూలని గుండ్రంగా అరగదీస్తే
పారెయ్యబన్లేదు గదయ్యా,
పసిబిడ్డలకి గుచ్చుకోదు కూడా, అని.
ఆయన నవ్వాడు. అందరికీ వినపడేటట్టు అన్నాడు,
"నీ చేతులకమ్మా మేం కూలిచ్చేది, బుర్రకి కాదు."
పదకొండేళ్లయింది.
మళ్లీ ఏమీ అనలేదు నేను, ఎవురితోనూ.

ఆ మాట మింగేసి, పక్కన కూచుని,
"అంచుకి అంత దగ్గిర పెట్టబాక,
రాయికి పొర ఉంటది, వేలితో తడిమి చూడు,
పొర ఎటుపోతే అటు పో" అన్నాను.
తర్వాత మూడే పగిలాయి.

పన్నెండు పలకలు, నా పాత చీర అంచు దారాలు.
ఒక్కోటి రెండు రూపాయలన్నది.
పన్నెండూ అట్టానే తిరిగొచ్చాయి.
"నాకు చదువే రాదు గదమ్మే" అన్నాడంట టమాటాల పిచ్చయ్య.
ఏడవలేదు. అన్నమూ తినలేదు.
నడిరాత్రి దుప్పట్లోంచి గొంతు:
"అమ్మా, కొనరు. అద్దెకిస్తే?
రోజుకి రూపాయి, రాసేది నేనే.
పిచ్చయ్య తాతకి బొమ్మేస్తా, టమాటా పక్కన బిళ్లలు."
"పండుకో" అన్నాను.
నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఆరింటికల్లా మార్కెట్లో ఉంటది.
మేక ఒకటి రెండు పలకలు తొక్కింది.
ఒకరోజు వానొచ్చి ధరలన్నీ కడిగేసింది,
వంకాయలాయన డబ్బులు తిరిగిమ్మన్నాడు, ఇచ్చింది.
మధ్యాన్నం ధర పడిపోయే వేళకి
ఇది బళ్లో ఉంటది గదా, తుడిచి రాసేదెవురు?
దానికి రెండు రోజులు ఆలోచించి
చౌడమ్మకి అంకెలు నేర్పడం మొదలుపెట్టింది.
ఆమెకి ఎనిమిది ఇంకా పడుకునే ఉంటది.

"అంకెలొస్తే ఆమే రాసుకుంటది,
ఇంక నీ రూపాయి పోయినట్టే గదే పిచ్చిదానా?"
"పోద్ది," అన్నది సుద్దముక్క నలుపుకుంటా,
"అప్పుడింకోటి ఆలోచిస్తా."

సుద్దముక్కల ఖర్చు పోను మిగిలింది పంతొమ్మిది రూపాయలు.
గొడుగుపుల్ల బాకీ ఇంకా తీర్చలేదు నాకు.

రాత్రి అది నిద్రపోయినాక
ఆకురాయి తీసుకుని గడప మీద కూచున్నాను.
మూల విరిగిన ముక్క ఒకటి,
పొర చూసుకుంటా, చప్పుడు కాకుండా,
గుండ్రంగా అరగదీశాను.
దాని సంచిలో పెట్టాను.

పొద్దున చూసి
ఎంత ధర కడుద్దో.